కస్తూరి కూర్చునే చోటు

మత్తు వదిలేటప్పుడు మనుషులు మాట్లాడే మొదటి మాట వినడం నా ఉద్యోగం. గుడివాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో మత్తు డాక్టర్ని. కోసి కుట్టేవాళ్ళే డాక్టర్లని, నేను సూది వేసే అమ్మాయినని చాలామంది అనుకుంటారు. మొదట్లో ఉడుక్కునేదాన్ని, ఇప్పుడు నవ్వొస్తుంది. తెలివి వస్తూ కొందరు తిడతారు, కొందరు ఏడుస్తారు. ఒకావిడ పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయని మంచం దిగబోయింది. మొన్న మధ్యాహ్నం పెదపారుపూడి నుంచి వచ్చిన ఒక రైతుకి హెర్నియా ఆపరేషన్ అయింది. రికవరీ గదిలో ఎప్పుడూ ఉండే చలి, స్పిరిట్ వాసన, ఆక్సిజన్ గొట్టం బుసబుస. ఆయన చెవి దగ్గరికి వంగి పేరు పెట్టి పిలిచాను. ఆగాను. మళ్ళీ పిలిచి మళ్ళీ ఆగాను. మూడోసారికి ఆయన కళ్ళు తెరవకుండానే, బండిలో కునుకు తీసి లేచిన మనిషిలా, "ఎంత దూరం వచ్చామమ్మా?" అన్నాడు.

అదే ప్రశ్న, అదే గదిలో, గోడవారగా ఉన్న అదే మంచం మీదనుంచి ఇదివరకొకసారి విన్నాను. అప్పుడు అడిగినది మా పాండురంగారావు మాస్టారు. ఆయన పోయి కొన్నేళ్ళయింది. పక్కనున్న నర్సు బీపీ చూసి "నార్మల్ మేడం" అంది. నాది చూసి ఉంటే ఆ మాట అనేది కాదు.

మాది మచిలీపట్నంలో వలందపాలెం. మాస్టారిల్లు చిలకలపూడిలో, రోల్డుగోల్డు గాజులకి మెరుగు పెట్టే షెడ్ల మధ్య. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి, సాయంత్రాలు ఇంటి వరండాలో మాకు ట్యూషన్ చెప్పేవారు. పొడుగ్గా, బక్కగా ఉండేవారు. పెళ్ళి చేసుకోలేదు. పక్క షెడ్లోంచి వచ్చే ఆమ్లాల ఘాటుకి మేం దగ్గుతుంటే, ఆయన మాత్రం అది మల్లెపూల వాసనైనట్టు హాయిగా పాఠం చెప్పుకుంటూ పోయేవారు. ఆయనకి ఒక పద్ధతుండేది. కొత్త మాట తగిలితే అర్థం చెప్పేవారు కాదు. "బస్సులో పక్కన కూర్చున్నవాణ్ణి ఏమడుగుతాం? ఏ ఊరు బాబూ, ఇంటిపేరేంటి అంటాం. మాటనీ అలాగే అడగండి," అనేవారు. అలా అడగడం వల్లే మా వలందపాలెం పేరులో హాలెండువాళ్ళు ఉన్నారని నాకు తెలిసింది. అప్పటిదాకా వలంద అంటే ఏదో చెట్టనుకునేదాన్ని.

ఆ వరండాలో ఒక్కటే బెరుకు, హాజరు పట్టీ. ట్యూషన్‌కి హాజరేమిటని మీరు నవ్వచ్చు, మేమూ నవ్వేవాళ్ళమే, మొదటి రోజు మాత్రం. పేరు పిలిచాక ఆయన ఆగేవారు. రానివాడి పేరు పిలిచినా అంతే సేపు, గుమ్మం వైపు చూస్తూ ఆగేవారు. "రాలేదండీ" అని మేం చెప్తే, "నిన్నడగలేదు, వాణ్ణి పిలిచాను," అనేవారు. అందరి పేర్లూ అయ్యాక, పట్టీ మూసేశాక, ఆఖర్న ఒక పేరు పిలిచేవారు. "కస్తూరీ." మాలో ఆ పేరు గలవాళ్ళు లేరు. చాప చివర గోడవారగా ఒక మనిషి పట్టే చోటు ఎప్పుడూ ఖాళీ. ఆయన ఆ చోటు వైపు చూస్తూ ఆగేవారు. మెరుగు యంత్రాల చప్పుడు కూడా అప్పుడే ఆగినట్టనిపించేది. తర్వాత "సరే" అని పాఠం మొదలెట్టేవారు.

కస్తూరి ఎవరని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఎంత ఇరుకైనా ఆ చోట్లో కూర్చునే ధైర్యం అంతకంటే లేదు. పొట్టిదాన్ని కాబట్టి దాని పక్కచోటు నాకు దక్కింది. మా అమ్మతో చెప్తే, ఆవిడ నాకు ఎండుమిరపకాయలతో దిష్టి తీసి, "ఆయన పాఠం బాగా చెప్తాడట. నువ్వు ఆ పక్కకి చూడకు, అంతే," అంది. చదువు మానిపించేంత భయం మాత్రం మా అమ్మకి ఎప్పుడూ లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మమ్మల్ని బందరు కోట దగ్గరి డచ్చివాళ్ళ సమాధులు చూడ్డానికి తీసుకెళ్ళారు. గడ్డి మోకాళ్ళదాకా ఉంది. నల్లటి రాళ్ళ మీద ఉబ్బెత్తు అక్షరాలు, పుర్రె బొమ్మలు. చుర్రుమంటున్న ఎండకి రాళ్ళు పెనాల్లా కాలుతున్నాయి. మాస్టారు ఒక రాయి మీద చెయ్యి పెట్టి, ఒక మాట మీద వేలు ఆడించి చదవమన్నారు. 'రుస్ట్' అని కూడబలుక్కుని చదివాను.

"విశ్రాంతి అని. మన ఇంగ్లీషు 'రెస్ట్'కి చెల్లెలు. ఇద్దరి అమ్మమ్మా ఒక్కతే. ఇంగ్లీషుకీ, డచ్చికీ, జర్మనుకీ అమ్మమ్మైన ఒక పాత భాష ఉండేది. ఆ ఇంట్లో ఈ మాట పేరు 'రాస్త'లా ఉండేది."

"రస్తా అంటే దారి కదండీ మాస్టారూ!" అన్నాన్నేను, కనిపెట్టేశానన్న సంబరంతో.

"ముక్కు కలిసిందని చుట్టరికం కలుపుకోకు. ఆ రస్తా ఇంటిపేరు వేరు, పారశీకం నుంచి వచ్చింది." తిట్టారు గానీ, ఆయన ముఖంలో ఒక వింత వెలుగు వచ్చింది. "కానీ నువ్వు తగలాల్సిన చోటే తగిలావు. ఆ పాతకాలంలో ఈ మాటకి విశ్రాంతి ఒక్కటే అర్థం కాదు. ఒక మనిషి నడిచి నడిచి, ఇక ఆగాలనిపించేదాకా నడిచిన దూరాన్ని కూడా ఇదే మాటతో కొలిచారు. మన మజిలీ లేదూ, అలాగ. తర్వాత్తర్వాత పాత ఇంగ్లీషులో పడుకునే పక్కకీ ఇదే మాట అయింది. పూడ్చే గోతికీ ఇదే మాట అయింది."

ఆయన రాయినే చూస్తూ, మాతో కాదన్నట్టు అన్నారు: "పడుకున్నాడనుకుంటాం. కాదు. ఇక్కడిదాకా నడిచాడు. అంతే." అప్పుడు వంగి, ఆ రాతి మీదున్న పేరు, నోరు తిరగని ఆ పొడవాటి పేరు, గట్టిగా పిలిచారు. పిలిచి ఆగారు. ట్యూషన్‌లో ఆగినట్టే. గడ్డిలో ఏదో కదిలింది. తొండే అయి ఉంటుంది, ఆ ఎండలో ఇంకేముంటుంది? కానీ మేమెవరమూ అటు చూడలేదు. తిరిగి వచ్చేటప్పుడు సైకిళ్ళు ఎవరు ముందు తొక్కారో, ఎవరు వెనక పడ్డారో నాకు గుర్తులేదు. వెనక పడినది మాత్రం నేను కాదు.

ఆ వానాకాలంలోనే అది జరిగింది. మబ్బు మూసేసి సాయంత్రానికే వరండా చీకటైంది. కరెంటు లేదు, పక్క షెడ్డు మూసేశారు, వాన వచ్చేముందు గాలి ఆగిపోతుందే, అలా ఆగింది. మాస్టారు పేర్లన్నీ పిలిచి, పట్టీ మూసి, "కస్తూరీ" అన్నారు.

"ఆఁ."

చిన్న గొంతు. మా వైపు ఇళ్ళలో వంటింట్లోంచి ఎవరైనా పలికే పలుకు. తొందర లేదు, భయం లేదు. చేతిలో పని ఉండి, వస్తున్నానని చెప్పే 'ఆఁ'. వాకిట్లో పెద్ద చినుకులు పడటం మొదలెట్టాయి. మాస్టారి చేతిలోని పట్టీ జారి ఒళ్ళో పడింది. చాలా సేపటికి, "ఎవరూ?" అన్నారు. మగపిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. మేం కాదని తల్లి తోడన్నారు, సరస్వతి తోడన్నారు. ఆయన నన్ను చూసి, "నీ పక్కనుంచేనా?" అన్నారు. "అవునండి," అన్నాను. నిజంగానే అటునుంచే వినిపించింది. గోడవతల ఎవరో పిల్లని వాళ్ళమ్మ అదే క్షణాన పిలిచి ఉండవచ్చు. మా వెధవల్లో ఒకడు నోరు మూసుకుని చేసి ఉండవచ్చు. డాక్టరునయ్యాక ఇలాంటి కారణాలు చాలా వెతికాను. ఏదీ నాకు అతకలేదు.

ఆ తర్వాతి సెలవుకి, మా అమ్మని అడిగి, నన్ను బస్సెక్కించుకుని దివిసీమ తీసుకెళ్ళారు. అవనిగడ్డలో బస్సు మారి కోడూరు రోడ్డు పట్టాం. నడుమ ఊరూ పేరూ లేని ఒక చోట, కాలవ గట్టు దగ్గర, "ఆపు బాబూ" అని దిగిపోయారు. అక్కడేమీ లేదు. తాటిచెట్లు, కోతకొచ్చిన చేను, కాలవలో గుర్రపుడెక్క. ఆయన రోడ్డు పక్కన గొంతుకూర్చుని, నేల దగ్గరికి వంగి, "కస్తూరీ" అని మూడుసార్లు పిలిచారు. ప్రతిసారీ ఆగారు. నేను నా చెప్పుల వైపే చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు చెప్పారు. కస్తూరి ఆయన చెల్లెలు. కోడూరుకి అవతల సముద్రం వైపు ఊరికి కొత్తగా పెళ్ళి చేసి పంపారు. ఉప్పెన వచ్చింది. ఈయన వెతుక్కుంటూ వెళ్ళేసరికి ఆ ఊరు ఊరుగా లేదు. చిలకలపూడిలో ఆయన కొనిచ్చిన రోల్డుగోల్డు గొలుసు, ఉప్పునీటికి మెరుగంతా పోయి నల్లబడిపోయినది, మెడలో ఉండబట్టి పోల్చుకున్నారు. శవాలన్నిటినీ కలిపి ట్రాక్టరు మీద తీసుకెళ్తుంటే వెనకాల నడిచారు.

"మనలో దారి మధ్యలో పాడె దింపుతారు, తెలుసా?" అన్నారు. దింపుడు కళ్ళం సంగతి నాకు తెలుసు. పాడెని ఒకసారి నేల మీద దింపి, చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలైనా ఉంటే పలుకుతుందని. "ఈ చోటికి రాగానే ట్రాక్టరుకి అడ్డం పడ్డాను. ఒక్కసారి ఆపు, చెల్లెల్ని పిలుస్తానన్నాను. ఆ డ్రైవరు కుర్రాడు మూడు రోజులుగా నిద్ర లేనివాడు. 'ఎంతమందిని దింపమంటారండీ? ఎంతమందిని పిలవమంటారు?' అని భోరుమని ఏడ్చాడు. ఇంకేం అంటాను? తప్పుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది. ఆయన ఏడవలేదు. "పిలిస్తే అందర్నీ పిలవాలమ్మా, లేకపోతే ఎవర్నీ పిలవకూడదు. అయినా, పిలిచేవాళ్ళు కూడా ఆగరు. మూడుసార్లు గబగబా అనేసి భుజాలు మార్చుకుంటారు. జవాబు చెప్పే వ్యవధి ఇవ్వాలి కదా? కస్తూరి కోసం ఎవరూ ఆగలేదు. మజిలీ లేకుండా నడిపించేశాం." నా వైపు తిరిగి, "మొన్న నీ పక్కన పలికింది అదేనంటావా?" అని అడిగారు. ఇంత చదువుకున్న మనిషి, మాటల తాతముత్తాతల పేర్లు చెప్పే మనిషి, నన్ను, తొమ్మిదో తరగతి పిల్లని అడిగారు. "తెలీదు మాస్టారూ," అన్నాను. ఆయన తలూపి, "అది నన్ను పాండన్నయ్యా అని పిలిచేది. ఆ పిలుపు మళ్ళీ వినలేదు," అని లేచి, వచ్చే బస్సుకి చెయ్యెత్తారు.

నేను మెడిసిన్ చదివి, మత్తు వైద్యం తీసుకున్నప్పుడు అందరూ ఎందుకన్నారు. పేరొచ్చే పనేనా అన్నారు. నిజమైన కారణం చెప్తే నవ్వుతారని చెప్పలేదు. మనుషుల్ని దూరంగా పంపి, పేరు పెట్టి పిలిచి, వాళ్ళు పలికేదాకా ఆగే పని ఇదొక్కటే. కోడూరు రోడ్డు మీద చెప్పులు చూసుకుంటూ నిలబడిన పిల్లకి ఇంకే పనీ కంటికి ఆనలేదు.

మాస్టారికి పిత్తాశయంలో రాళ్ళు వస్తే గుడివాడ తీసుకొచ్చాను. ఆపరేషన్ బాగానే జరిగింది. తెలివి రావాల్సిన వేళకి రాలేదు. అన్నీ సరిగ్గా ఉన్నాయి, గుండె, ఊపిరి, కంటిపాపలు. మనిషే రాలేదు. "మాస్టారూ" అని పిలిచాను. మళ్ళీ పిలిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. సర్జను గడియారం చూశాడు. అప్పుడు చెవి దగ్గర నోరు పెట్టి, "పాండన్నయ్యా" అన్నాను. ఆగాను.

ఆయన పెదాలు కదిలాయి. "ఎంత దూరం వచ్చామే?" అన్నారు.

నన్ను ఆయన ఎప్పుడూ 'ఏమే' అని పిలవలేదు. "ఇక్కడిదాకా వచ్చారు," అన్నాను. కళ్ళు తెరిచి నన్ను చూసి, గుర్తుపట్టి, కొంచెం నిరాశపడ్డారు. అది నాకు తెలిసింది, బాధా కలిగింది. సాయంత్రం గంజి తాగించేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నారు. "ఇప్పుడన్నీ వ్యాన్లొచ్చాయి. తిన్నగా తీసుకుపోతారు. నన్ను దారిలో ఒకసారి దింపించు. మధ్యాహ్నం పిలిచినట్టే పిలువు. పిలిచి ఆగు."

"ఊరుకోండి మాస్టారూ, రాళ్ళు తీయించుకుంటే ఎవరైనా పోతారా?"

"మాట దాటేస్తున్నావు," అన్నారు. మాటివ్వకుండా నన్ను కదలనివ్వలేదు.

ఆ మాట నిలబెట్టుకోవడానికి నాకు గడువు బాగానే ఇచ్చారు. ఒక వేసవిలో నిద్రలోనే పోయారు. కబురందుకుని నేను వెళ్ళేసరికి హైదరాబాదు నుంచి ఆయన అన్నగారబ్బాయి వచ్చి ఉన్నాడు, వ్యాను సిద్ధంగా ఉంది. నేనూ ఎక్కితే అరుగు మీద ఆడవాళ్ళు గుసగుసలాడారు. చిలకలపూడి దాటాక కాలవ వంతెన దగ్గర వ్యాను ఆపమన్నాను. "ఇప్పుడివన్నీ ఎవరు చేస్తున్నారమ్మా, ఎండ మాడిపోతోంది," అన్నాడు డ్రైవరు. అన్నగారబ్బాయి మొహమాటంగా, "డాక్టరు గారూ, మీకు తెలియనిదేముంది, మీరే చూశారు కదా," అన్నాడు. చూశాను. నాడి చూశాను, కంటిపాపలు చూశాను. ఏమీ లేదని నాకే బాగా తెలుసు. "అయినా దింపండి," అన్నాను. నా మొహం చూసి దింపారు.

అతను వంగి, "బాబాయ్ బాబాయ్ బాబాయ్" అని ఒక్క ఊపిరిలో అనేసి, "ఎత్తండి," అన్నాడు. "ఆగండి," అన్నాను. రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని, చెవి దగ్గర వంగాను. చందనం, అగరొత్తుల వాసన. ఒకసారి ఈ పిలుపుకి వెనక్కి వచ్చిన మనిషి. నవ్వుకోండి గానీ, ఆ క్షణాన నేను డాక్టర్ని కాదు, నాకు నిజంగా ఆశ పుట్టింది. "పాండన్నయ్యా" అన్నాను. ఆగాను. లారీలు ఆగి ఉన్నాయి, ఎవరూ హారన్ కొట్టలేదు. రెండోసారి పిలిచాను. మూడోసారి పిలిచి, అతని చెయ్యి నా భుజం మీద పడినా లేవకుండా, ఒక మనిషి చేతిలో పని పక్కన పెట్టి జవాబు చెప్పడానికి ఎంత సేపు పడుతుందో అంత సేపు ఆగాను. ఆయన పలకలేదు. రోజూ వరండాలో కస్తూరి పేరు తర్వాత వచ్చే ఆ నిశ్శబ్దాన్ని ఆయన అన్నేళ్ళు ఎలా భరించారో నాకప్పుడు తెలిసింది. "ఇక ఎత్తండి," అన్నాను.

ఆ రోజునుంచి నాకొక అలవాటు. మధ్యాహ్నం ఆఖరి పేషెంటుని వార్డుకి పంపేశాక, ఖాళీ అయిన రికవరీ గదిలో గోడవార మంచం దగ్గర నిలబడి రెండు పేర్లు పిలుస్తాను. కస్తూరీ, పాండన్నయ్యా. పిలిచి ఆగుతాను. ఆ తర్వాత "సరే" అనుకుని చేతులు కడుక్కుంటాను. పాత నర్సులకి తెలుసు, మేడం ప్రార్థన చేసుకుంటుందనుకుని అటు రారు. మొన్న ఆ పెదపారుపూడి రైతుని పంపించాక కూడా పిలిచాను. మనసు బాగోక, ఇంటికి తొందరగా వెళ్ళాలనిపించి, ఎక్కువసేపు ఆగలేదు. ఆగినట్టు చేశాను, అంతే. వెనక్కి తిరిగేసరికి, పామర్రు నుంచి కొత్తగా చేరిన నర్సమ్మాయి గుమ్మంలో మందుల ట్రే పట్టుకుని నిలబడి ఉంది.

"వెళ్ళిపోతున్నారేంటి మేడం?" అంది ఆ అమ్మాయి, గదిలోకి తొంగి చూస్తూ. "పేషెంటు 'ఆఁ' అన్నారు కదా."

గదిలో ఎవరూ లేరు. ట్రే బల్ల మీద పెట్టి వెళ్ళమని చెప్పాను. వెనక్కి వెళ్ళి, గోడవార మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను.